హెయిర్ ప్యాచ్ పెట్టుకోవాలనుకునే మగవారికి: అద్దం ముందు నుంచి పెళ్లిపీటల దాకా

జుట్టు విషయంలో మగవాడికి రెండు వైపుల నుంచీ మాట పడుతుంది. ఊడిపోతే "అప్పుడే పెద్దవాడైపోయాడు" అంటారు. దాని కోసం ఏదైనా చేస్తే "మగవాడికి ఈ సోకులెందుకు" అంటారు. ఈ రెండు మాటల మధ్య నలుగుతూ, ఊడిన మేర కప్పే పెట్టుడు జుట్టు, అంటే హెయిర్ ప్యాచ్, పెట్టుకోవాలా వద్దా అని ఏళ్ల తరబడి తేల్చుకోలేని వారి కోసం ఇది రాస్తున్నాను. ఎంచుకోవడం, అతికించడం, కడగడం చేతికి అలవాటైతే వచ్చేసే పనులు. దాన్ని పెట్టుకుని నలుగురిలో తిరగడం, ఇంట్లో చెప్పడం, పెళ్లి సంబంధం దగ్గర దాచకుండా ఉండడం అంత తేలిక కాదు. అందుకే ఆ రెండింటినీ విడదీయకుండా చెబుతాను.

మొదట, ఎందుకు కావాలో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని "ప్యాచ్ ఉంటే నేను ఏం చేస్తాను?" అని పైన రాయండి. కింద మీ జవాబులు రాయండి. బంధువుల పెళ్లికి వెళతాను, ఫోటోలో వెనక వరుసలోకి జరగను, ఇంటర్వ్యూలో నుదురు తడుముకోకుండా కూర్చుంటాను. ఇలాంటివైతే ప్యాచ్ మీకు తప్పక పనికొస్తుంది. "అప్పుడు మగవాడిలా ఉంటాను" అని రాశారా? అయితే కొనే ముందు కాస్త ఆగండి. ఆ కోరిక తీర్చడం ఏ ప్యాచ్‌కూ చేతకాదు.

మగవారిలో మామూలుగా వచ్చే బట్టతలకు కారణం పురుష హార్మోను తగ్గడం కాదు. టెస్టోస్టిరాన్ నుంచి శరీరం డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే మరో హార్మోనును తయారుచేసుకుంటుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లు కొందరిలో వంశపారంపర్యంగా దానికి ఎక్కువగా స్పందిస్తాయి. వెంట్రుక రాలి మళ్లీ మొలిచిన ప్రతిసారీ ఇంకాస్త సన్నగా, ఇంకాస్త పొట్టిగా వచ్చి, చివరికి నూగుగా మిగులుతుంది. చెవుల పైన, మెడ వెనక కుదుళ్లకు ఆ స్పందన తక్కువ కాబట్టి అక్కడ జుట్టు నిలుస్తుంది. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయినవారికి ఈ రకం బట్టతల రాదని అమెరికాకు చెందిన పరిశోధకుడు జేమ్స్ హామిల్టన్ 1942లోనే ప్రచురించాడు. అలాగని బట్టతల ఉన్నవాడికి మగతనం ఎక్కువ అన్న ఓదార్పు మాట కూడా నిజం కాదు. తల నిండా జుట్టున్నవాడి రక్తంలోనూ, లేనివాడి రక్తంలోనూ హార్మోను ఒకే మోతాదులో ఉండవచ్చు. తేడా కుదుళ్లలో ఉంది.

పెట్టుడు జుట్టు పెట్టుకుంటే మగతనం తగ్గుతుందన్న భయం మరొకటి. మన పద్యనాటకాలు చూసినవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. గద భుజాన వేసుకుని, మీసం దువ్వుతూ రంగస్థలం దద్దరిల్లేలా పద్యం అందుకునే దుర్యోధనుడి జుట్టు అతికించినదే, చాలాసార్లు మీసం కూడా అతికించినదే. ఆ విషయం తెలిసే జనం "వన్స్‌మోర్" అన్నారు. కూచిపూడి మగవారు తరతరాలుగా పెట్టుడు జడ వేసుకుని సత్యభామగా ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మను ఆ వేషంలో చూసినవారు ఆయన నాట్యాన్ని తలుచుకుంటారు తప్ప ఆయన మగతనాన్ని శంకించరు. ఇక ఆడవారు సవరం పెట్టుకుని జడ వేసుకోవడాన్ని మన ఇళ్లలో ఎవరూ మోసం అనలేదు. మగవాడి దగ్గరకొచ్చేసరికి మాత్రం అది గుట్టుగా ఉంచాల్సిన పని ఎలా అయింది? దీనికి న్యాయమైన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

తర్వాత చర్మవైద్యుడి దగ్గరకు

ప్యాచ్ దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి డాక్టరుకు తల చూపించండి. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు కావచ్చు, దానికి చికిత్స వేరు. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు కుప్పలుగా రాలితే, చాలామందిలో అది తిరిగి మొలుస్తుంది. తలలో ఫంగస్, సోరియాసిస్, పుండ్లు ఉన్నప్పుడు వాటిపై జిగురు పూయకూడదు.

రాలడం ఇప్పుడిప్పుడే మొదలైతే మందులు కూడా ఉన్నాయి. తలకు రాసే మినాక్సిడిల్, మాత్రగా వేసుకునే ఫినాస్టెరైడ్ ఏళ్లుగా వాడుకలో ఉన్నవే. ఫినాస్టెరైడ్ వల్ల కొందరిలో లైంగిక కోరిక, పటుత్వం తగ్గడం లాంటి దుష్ఫలితాలు వస్తాయి కనుక దాన్ని డాక్టరు సలహా లేకుండా కొనవద్దు. ఆ మాత్ర తనకు వద్దనుకునే మగవాడికి ప్యాచ్ నిక్షేపమైన దారి. ఒంట్లోకి ఏమీ వెళ్లదు, నచ్చకపోతే తీసేయవచ్చు.

ఎంపిక

తల మొత్తం కప్పేది విగ్గు. ఊడిన మేరకు మాత్రమే కప్పి, చుట్టూ ఉన్న మీ జుట్టులో కలిసిపోయేది ప్యాచ్. చాలామందికి రెండోది చాలు. ప్యాచ్ అడుగు భాగాన్ని బేస్ అంటారు. అందులో ప్రధానంగా మూడు రకాలు.

లేస్ బేస్ సన్నటి వల. గాలి ఆడుతుంది, ముందు అంచు సహజంగా కనిపిస్తుంది, కానీ త్వరగా చిరుగుతుంది. మోనో బేస్ గట్టిది, ఎక్కువ కాలం వస్తుంది, అంచు మాత్రం దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. పాలియురేథేన్‌తో చేసిన స్కిన్ బేస్‌కు టేపు బాగా పడుతుంది, శుభ్రం చేయడం సులువు, కానీ కింద చెమట నిలుస్తుంది. మన ఎండలకు, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతకు, ముందు భాగం లేస్‌గా ఉండి చుట్టూ టేపు కోసం స్కిన్ పట్టీ ఉన్న రకం మేలని నా అభిప్రాయం.

కొలత ఇలా తీసుకోండి. కనుబొమలు పైకెత్తండి. నుదుటి మీద పడే ముడతలన్నిటిలో పైదానికి ఒక వేలి వెడల్పు పైన జుట్టు మొదలైతే సహజంగా ఉంటుంది. అంతకంటే కిందికి దించమని అడగవద్దు. నలభై అయిదేళ్ల ముఖానికి ఇరవై ఏళ్ల నుదురు పెడితే ఎదుటివారి చూపు నేరుగా అక్కడికే వెళుతుంది. కణతల దగ్గర కాస్త వెనక్కి వెళ్లిన గీత ఉంచుకోండి. ఒత్తు కూడా అంతే. దుకాణంలో దట్టంగా ఉన్నదే ముద్దొస్తుంది, కానీ ప్యాచ్‌ను పట్టించేది ఎక్కువసార్లు ఆ దట్టమే. పక్కల మీ సొంత జుట్టు ఎంత పలచగా ఉందో పైన కూడా దాదాపు అంతే ఉండాలి. పక్కల నెరిస్తే పైన కూడా కొన్ని తెల్ల వెంట్రుకలు కలపమనండి. సుడి ఎక్కడుందో, పాపిట ఏ వైపో చెప్పండి. పాత ఫోటో ఒకటి తీసుకెళితే ఇదంతా మాటలతో చెప్పే శ్రమ తప్పుతుంది.

సింథటిక్ జుట్టు చవక, కానీ వేడికి కరుగుతుంది, మెరుపు తేడాగా ఉంటుంది. రోజూ పెట్టుకునేవారు మనిషి జుట్టుతో చేసినదే తీసుకోవాలి. మరొకరి జుట్టు తల మీద పెట్టుకోవడమా అని కొందరు జంకుతారు. ఆ జంకు సహజమే. ఆ జుట్టును శుభ్రం చేసి, రసాయనాలతో శుద్ధి చేసి, రంగు కుదిర్చాకే బేస్‌కు ముడివేస్తారు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను టీటీడీ వేలంలో అమ్ముతుంది. మన ప్రాంతపు జుట్టుకు ప్రపంచమంతటా గిరాకీ ఉంది.

ధర చెప్పినప్పుడు ప్యాచ్ ఖరీదొక్కటే అడిగి ఊరుకోవద్దు. టేపు, జిగురు, ఆ జిగురును వదిలించే రిమూవర్ నెలకు ఎంతవుతాయి, ప్రతిసారీ సర్వీసుకు ఎంత తీసుకుంటారు, ఈ బేస్ ఎన్ని నెలలు వస్తుంది? ఈ మూడూ తెలిస్తేనే ఏడాది ఖర్చు తెలుస్తుంది. దాన్ని మోయలేమనిపిస్తే క్లిప్పు రకంతో మొదలుపెట్టండి.

అతికించడం సొంతంగా నేర్చుకోండి

నన్ను అడిగితే ఇన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. ప్రతిసారీ దుకాణం మీద ఆధారపడే మనిషి లోపల ఎప్పుడూ బెరుకుగానే ఉంటాడు. ఊళ్లో ఉండగా ఊడితే ఏం చేయాలి, ప్రయాణంలో అంచు లేస్తే ఎలా అన్న దిగులు అతన్ని వదలదు. తన చేతులతో తీసి, కడిగి, పెట్టుకోగలిగినవాడికి ఆ దిగులు చాలావరకు పోతుంది. మొదటి రెండు సార్లు దుకాణంలో చేయించుకోండి, ఫోన్లో వీడియో తీసుకోండి, మూడోసారి ఇంట్లో సెలవు రోజున మీరే చేయండి.

క్లిప్పు రకమైతే చుట్టూ ఉన్న జుట్టుకు క్లిప్పులు నొక్కితే సరిపోతుంది, గుండు అవసరం లేదు, రాత్రి తీసేయవచ్చు. కానీ ఒకే చోట రోజూ లాగితే అక్కడి జుట్టు కూడా ఊడుతుంది. క్లిప్పు పడే చోటును అప్పుడప్పుడూ మార్పించుకోండి.

టేపు లేదా జిగురు రకానికి ముందు చర్మపరీక్ష తప్పనిసరి. ముంజేతి లోపలి వైపు చిన్న చుక్క జిగురు రాసి, చిన్న టేపు ముక్క అంటించి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు, పొక్కులు వస్తే అది మీకు పడదు, మరో రకం అడగండి.

ఇక పని మొదలు. ప్యాచ్ కూర్చునే మేర జుట్టును ట్రిమ్మర్‌తో నున్నగా తీసేయండి. కండిషనర్ లేని షాంపూతో తల కడిగి పూర్తిగా ఆరనివ్వండి. దూదితో స్పిరిట్ అద్ది, టేపు పడే అంచంతా తుడవండి. తల మీద నూనె జిడ్డు ఏ మాత్రం ఉన్నా టేపు రెండో రోజుకే లేస్తుంది. తుడిచిన అంచు మీద చర్మరక్షణ ద్రవం (స్కాల్ప్ ప్రొటెక్టర్) పూసి ఆరనివ్వండి. ప్యాచ్‌ను తిరగేసి, అంచు పొడవునా టేపు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి అంటించండి. పైన కాగితం ఇంకా తీయవద్దు. అద్దంలో ముక్కుకు సూటిగా నుదుటి మీద ఐబ్రో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. ముందు అంచు కాగితం మాత్రం తీసి, ప్యాచ్ నడిమి భాగాన్ని ఆ గుర్తుకు ఆనించి, అక్కడి నుంచి రెండు కణతల వైపు నొక్కుతూ వెళ్లండి. ముందు కుదిరాక మిగతా కాగితాలు తీస్తూ వెనక్కి పరచండి. లాగి పరిస్తే బేస్ ముడత పడుతుంది, కాబట్టి దాన్ని వదులుగా వాలనివ్వండి. అంచంతా వేళ్లతో గట్టిగా నొక్కి, కాసేపు అలాగే ఉంచి దువ్వండి. జిగురు వాడితే ఒక రోజంతా తల తడపవద్దు, వ్యాయామం చేయవద్దు.

మొదటిసారి చుట్టూ ఉన్న జుట్టుతో కలిపి కత్తిరించడం మాత్రం అలవాటున్న సెలూన్ మనిషి చేతే చేయించండి. ప్యాచ్ జుట్టు తిరిగి పెరగదు. ఎక్కువ కోస్తే అంతే సంగతులు.

తీయడం ఇంకా నెమ్మదిగా జరగాలి. రిమూవర్ అంచు కిందికి పోయేలా చల్లి, కొన్ని నిమిషాలు ఆగి, వెనక నుంచి ముందుకు మెల్లగా లేపండి. రావడం లేదంటే మళ్లీ చల్లండి. పీకితే లేస్ చిరుగుతుంది, చర్మం ఒరుసుకుంటుంది. తీసిన ప్యాచ్‌కు అంటిన జిగురు రిమూవర్‌తో తుడిచి, ఘాటు లేని షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి, జుట్టు పడే దిశలోనే వేళ్లతో దువ్వుతూ కడగండి. కండిషనర్ జుట్టు పొడవుకే పట్టించండి, బేస్ దగ్గరి ముడులకు తగిలితే అవి జారిపోతాయి. స్టాండ్ మీద పెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో రంగు ఎర్రబారుతుంది. ఆ రాత్రి తలకు విశ్రాంతి ఇవ్వండి. చేతిలో రెండు ప్యాచ్‌లు ఉంటే మార్చి మార్చి వాడుకోవచ్చు, రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

బయటకు అడుగు

మొదటి రోజే ఆఫీసుకు వెళ్లకండి. శనివారం సాయంత్రం కూరగాయల మార్కెట్‌కో, తెలియని వీధికో వెళ్లి రండి. ఎవరూ చూడరు. చూసినా మీరు అనుకునేంతసేపు చూడరు. ఆదివారం దగ్గరి మిత్రుడిని కలవండి. చేయి పదే పదే తల మీదికి పోకుండా చూసుకోండి, మొదట్లో అనుమానం తెప్పించేది ఆ అలవాటే.

ఆఫీసులో తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు ముందే సిద్ధం చేసుకుని, ఇంట్లో పైకి అని చూసుకోండి. "అవునండి, ప్యాచ్ పెట్టుకున్నాను. బాగుందా?" ఇంతే చాలు. కారణాలు చెప్పనక్కరలేదు. వేళాకోళం చేసేవాడికి కూడా ఇదే జవాబు, ఇదే గొంతుతో చెప్పండి. దాచడానికి మీ దగ్గర ఏమీ లేదని తెలిశాక అతని దగ్గర మాట మిగలదు. చెప్పడం మీకు ఇష్టం లేకపోతే చెప్పకండి, అది కూడా మీ హక్కే. సహోద్యోగులకు మీ తల గురించి తెలియాల్సిన అవసరం లేదు.

కానీ మీతో జీవితం పంచుకోబోయే మనిషి సంగతి అలా కాదు.

పెళ్లి, పెళ్లిపీటలు, పడకగది

సంబంధం చూస్తున్నప్పుడు ఇరువైపులా ఫోటోలు ఇచ్చిపుచ్చుకుంటారు. ప్యాచ్‌తో దిగిన ఫోటో పంపడంలో తప్పు లేదు. అమ్మాయితో మొదటిసారి విడిగా మాట్లాడినప్పుడు మాత్రం చెప్పేయండి. మధ్యవర్తి చేతో, అమ్మ చేతో చెప్పించకండి. "మీతో ఒక విషయం ముందే చెప్పాలండి. నాకు ముందు వైపు జుట్టు ఊడిపోయింది. ఇది హెయిర్ ప్యాచ్. లేకుండా ఎలా ఉంటానో ఫోటో ఉంది, చూస్తారా?" ఇలా అనడానికి నిమిషం పట్టదు. ఆమె వద్దంటే బాధ కలుగుతుంది. కలగదని నేను మీకు చెప్పను. పెళ్లయిన నెలకు ఆమె తనంతట తాను కనుక్కుంటే పడే దెబ్బ మాత్రం ఇద్దరికీ తగులుతుంది, పైగా ఆమెను నొప్పించేది బట్టతల కాదు, దాచడం. "పెళ్లయ్యాక చెప్పుకోవచ్చులే నాన్నా" అని ఇంట్లో పెద్దలు అంటే మర్యాదగానే కాదనండి.

ఆమెకు తెలిసి ఉంటే పెళ్లి రోజు ఎంత తేలికో చూడండి. మన పెళ్లిలో ముహూర్త ఘడియ అంతా తల మీదే. జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా ప్యాచ్ ఉండే చోటే. ఆ తర్వాత తలంబ్రాలు, అక్షింతలు. నుదుట బాసికం కడతారు, దాని దారం ముందు అంచు మీదుగా పోవచ్చు. కాబట్టి ముందు రోజే కొత్త టేపుతో అతికించుకోండి. మంగళస్నానంలో నలుగు, నూనె ఒంటికి మాత్రమే పెట్టమని అమ్మకో, అక్కకో చెప్పి ఉంచండి. జీలకర్ర బెల్లం ముద్దను తమలపాకు మీద ఉంచి, ఆకుతోనే తల మీద పెట్టమని పెళ్లికూతురితో, పురోహితుడితో అనుకోండి. చాలా ఇళ్లలో అలాగే చేస్తారు కనుక ఎవరికీ కొత్తగా అనిపించదు. బాసికం దారాన్ని వెనక వదులుగా కట్టమనండి. బెల్లం అంటినా గోరువెచ్చని నీటిలో కరిగిపోతుంది, కంగారు వద్దు.

పెళ్లయ్యాక అసలు పరీక్ష పడకగదిలో. ఆమె చేయి ఎక్కడ తల మీద పడుతుందో అని బిగుసుకుని పడుకునే మగవాడు దగ్గరితనంలో సగం పోగొట్టుకుంటాడు. వీలైనంత త్వరగా ఒక సాయంత్రం ఆమె ముందే ప్యాచ్ తీయండి. ఎలా తీస్తారో, ఎలా కడుగుతారో చూపించండి. ఒట్టి తలను ఆమె తాకనివ్వండి. మొదటిసారి గొంతు పట్టేసినట్టు అవుతుంది, కన్నీళ్లు కూడా రావచ్చు. రానివ్వండి. వెనక అంచు సరిగ్గా పడిందో లేదో చూసే మనిషి ఇంట్లో ఉండడం రోజువారీగా కూడా ఎంతో ఉపయోగం. పిల్లలు అడిగితే నిజమే చెప్పండి. నాన్న కళ్లజోడు ఎంత మామూలో ఇదీ వాళ్లకు అంతే అవుతుంది.

గుండు చేయించాల్సి వస్తే

మొక్కుకో, తండ్రి కర్మకో మన ఇళ్లలో గుండు చేయించుకోవాల్సి వస్తుంది. ప్యాచ్ ఉన్నవారు దీన్ని తలుచుకుని ముందే భయపడతారు. కల్యాణకట్టకు వెళ్లే ముందు బసలోనే ప్యాచ్ తీసి డబ్బాలో పెట్టుకోండి, జిగురు మరకలు తుడుచుకోండి. కర్మ రోజున కూడా ఇంట్లోనే తీసేసి కూర్చోండి. నలుగురూ గుండ్లతో ఉన్నచోట మీ తల ప్రత్యేకంగా కనిపించదు. తర్వాత జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ప్యాచ్‌లో కలవడానికి పక్కల జుట్టుకు రెండు మూడు నెలలు పడుతుంది. తొందరగా కావాలంటే ప్యాచ్‌నే పొట్టిగా కత్తిరించుకోవాలి. పాతదొకటి అందుకు వాడుకోండి, కొత్తదాన్ని కోయవద్దు.

రోజువారీ జాగ్రత్తలు

హెల్మెట్ కింద పలచని నూలు టోపీ పెట్టుకోండి. తీసేటప్పుడు వెనక్కి ఈడ్వకుండా నిలువుగా పైకెత్తండి. వేసవిలో ముందు అంచు చెమటను రుద్దకుండా అద్దుకోండి. రాత్రి ప్యాచ్‌తోనే పడుకుంటే నున్నటి శాటిన్ దిండు గలీబు జుట్టు చిక్కుపడకుండా చూస్తుంది. తల అంటుకునే పండుగ రోజుల్లో ప్యాచ్ తీసి నూనె పెట్టుకోండి, జిడ్డు పూర్తిగా పోయాకే తిరిగి అతికించండి. ఎంఆర్‌ఐ స్కానింగ్ ఉంటే క్లిప్పు ప్యాచ్ తప్పనిసరిగా తీసేయాలి, జిగురు రకమైనా ముందే సిబ్బందికి చెప్పాలి. అంచు చుట్టూ దురద, చీము, వాసన ఉంటే ఎంత పెద్ద ఫంక్షన్ ఉన్నా ఆ రోజు పెట్టుకోవద్దు.

ఇక వద్దనిపిస్తే

కొందరు కొన్నేళ్లు వాడి మానేస్తారు. ఖర్చు వల్ల కావచ్చు, విసుగు వల్ల కావచ్చు, ఇక అవసరం లేదనిపించి కావచ్చు. పెట్టుకోవడం ఎలా ఓటమి కాదో, మానేయడం కూడా అలాగే గెలుపేమీ కాదు. రెండూ మీ తల మీద మీ నిర్ణయాలే. మానేయాలనుకుంటే మన దగ్గర ఒక సులువైన దారి ఉంది. తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి రండి, ఆ గుండుతోనే ఆఫీసుకు వెళ్లండి. తర్వాత పక్కల జుట్టును ట్రిమ్మర్‌తో పొట్టిగా ఉంచుకుంటూ పోవచ్చు. ఏళ్ల తరబడి కప్పి ఉన్న చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కనుక మొదటి వేసవంతా టోపీ పెట్టుకోండి, లేదా నెత్తికి కూడా సన్‌స్క్రీన్ రాసుకోండి. మంచి స్థితిలో ఉన్న ప్యాచ్‌ను కడిగి, ఆరబెట్టి, డబ్బాలో భద్రంగా ఉంచండి. ఆరు నెలల తర్వాత మనసు మారితే మళ్లీ కొలతల నుంచి మొదలుపెట్టే పని ఉండదు.